మూడేళ్ల ఫెలోషిప్, ఐదేళ్ల బిడ్డ

(పసిపిల్లల ఊబకాయం నివారణపై డాక్టరేట్ పరిశోధనకు నిధుల గురించి జరిగిన సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో నిధులిచ్చే పెద్దలు కూర్చున్నారు. వెనక వరుసల్లో రిసెర్చ్ స్కాలర్లు కూర్చున్నారు. నేను ఇద్దరితోనూ మాట్లాడాలి. ముందు వరుసతో మొదలుపెడతాను. ఎందుకంటే వెనక కూర్చున్నవాళ్లు ఇన్నేళ్లుగా నా గదికి వచ్చి చెప్పుకున్న బాధలే ఇవాళ మీకు చెప్పబోతున్నాను.

మన విషయం పసిపిల్లల ఊబకాయం. పసిపిల్లలు అంటే ఐదేళ్లలోపు వాళ్లు. అదీ చికిత్స కాదు, నివారణ. ఈ రెండు మాటలూ కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ వస్తాను వాటి దగ్గరికి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2024లో ఐదేళ్లలోపు పిల్లల్లో సుమారు 3.5 కోట్ల మంది ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువుతో ఉన్నారు. ఈ మాట చెప్పగానే ఎవరో ఒకరు అంటారు: "చిన్నపిల్లలు కదండీ, నడక వచ్చి నాలుగు అడుగులు పరిగెత్తితే అదే కరిగిపోతుంది." మీలో కూడా కొందరు అనుకుంటూ ఉండొచ్చు. నిజంగా కరుగుతుందా? జర్మనీలోని లైప్‌జిగ్ పరిశోధకులు వేలమంది పిల్లల ఎత్తు, బరువు ఏళ్ల తరబడి వెంటాడి చూసి 2018లో ఫలితం ప్రకటించారు. మూడేళ్ల వయసులో ఊబకాయం ఉన్న పిల్లల్లో దాదాపు 90 శాతం మంది టీనేజ్‌లో కూడా అధిక బరువుతోనో, ఊబకాయంతోనో ఉన్నారు. నూటికి తొంభై! మూడేళ్ల వయసులో! అంటే బిడ్డకి ఇంకా పెద్ద వాక్యం కూర్చడం రాలేదు, అప్పటికే సగం కథ నడిచిపోయింది.

ఇంకో సంగతి. బిడ్డ ఎత్తుకి తగ్గ బరువు ఒకే దారిలో పెరగదు. మొదటి ఏడాది బొద్దుగా తయారవుతారు. తర్వాత సాగుతారు, సన్నబడతారు. ఐదారేళ్లు వచ్చేసరికి అక్కడ అడుగు తాకి మళ్లీ పైకి లేస్తుంది గీత. 1984లో ఫ్రాన్స్ పరిశోధకులు ఈ మలుపుని గుర్తించారు. ఈ మలుపు ఎంత తొందరగా వస్తే, ఆ బిడ్డకి తర్వాత ఊబకాయం వచ్చే ప్రమాదం అంత ఎక్కువ. ఇప్పుడు నా ప్రశ్న వినండి. ఈ మలుపుని కళ్లారా చూడాలంటే ఒక బిడ్డని ఎన్నేళ్లు చూడాలి? పుట్టినప్పటి నుంచి లెక్క వేసుకుంటే కనీసం ఐదేళ్లు, ఆరేళ్లు. మరి మనం స్కాలర్‌కి ఇచ్చే ఫెలోషిప్ ఎన్నేళ్లు? చాలాచోట్ల మూడేళ్లు.

నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇదే. బిడ్డ పెరిగే లెక్క వేరు, మన నిధుల లెక్క వేరు. ఆ రెండూ కలవనంత కాలం మనకి మంచి పరిశోధన రాదు.

మూడేళ్లు ఎలా ఖర్చవుతాయో చెబుతాను. మొదటి ఏడాది కోర్సువర్క్, పైగా ఎథిక్స్ కమిటీ అనుమతి. అంటే పరిశోధన వల్ల ఎవరికీ హాని జరగకుండా చూసే కమిటీ. చంటిపిల్లల మీద పరిశోధన అంటే కమిటీ ప్రశ్నలు అడగాల్సిందే, నేను దాన్ని తప్పు పట్టను. కానీ ఆ కాగితాలకే నెలలు పడతాయి. రెండో ఏడాది కుటుంబాల దగ్గరికి వెళ్లాలి. వెళ్లగానే ఎవరూ తలుపు తీసి "రండి, మా బిడ్డని కొలవండి" అనరు. నాలుగుసార్లు వెళ్లి ఊరికే కూర్చుని మాట్లాడి రావాలి. అలా పిల్లలు చేరి, మొదటి కొలతలు పూర్తయ్యేసరికి మూడో ఏడాది సగం అయిపోతుంది. థీసిస్ ఎప్పుడు ఇస్తావు అని ఉత్తరం వస్తుంది. ఆ ఉత్తరం వచ్చేనాటికి బిడ్డకి ఏడాదిన్నర.

నా దగ్గర ఒక అమ్మాయి పనిచేసింది. పేరు చెప్పను. తను ఎంచుకున్నది వలస వచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లలు, వాళ్ల భాష తనకీ ఇంటి భాషే. ఆరు నెలల వయసు నుంచి పిల్లల్ని చూడటం మొదలుపెట్టింది. బిడ్డకి రెండున్నరేళ్లు వచ్చేసరికి డబ్బు ఆగిపోయింది. పొడిగింపు అడిగాం. "ప్రాజెక్టు కాలం ముగిసింది" అని ఒక్క వాక్యంలో జవాబు. అమ్మాయికి ఇంటి బాధ్యతలు ఉన్నాయి, ఉద్యోగంలో చేరిపోయింది. తప్పు ఆ అమ్మాయిదా? కాదు కదా. ఉన్న డేటాతో థీసిస్ అయితే ఇచ్చింది, డిగ్రీ వచ్చింది. అసలు ప్రశ్నకి జవాబు మాత్రం రాలేదు. ఒక తల్లి తనకి ఫోన్ చేసి అడిగిందట: "మా వాడికి ఇప్పుడు మూడు నిండాయి, మీరు కొలవడానికి రాలేదేంటి?" అని. ఆ మాట నాతో చెప్పి ఆ అమ్మాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేకపోయాను.

సరే, ఇంకో విషయానికి వస్తాను. మన ఆహ్వాన పత్రికలో "విభిన్న సమాజాలు" అని రాశారు. మంచి మాట. కానీ దరఖాస్తుల్లో ఇది చాలాసార్లు ఒక అలంకారంగా మిగిలిపోతుంది. శాంపిల్‌లో నాలుగు రకాల కుటుంబాలు ఉంటే సరిపోయిందనుకుంటాం. సరిపోదు. ఎందుకు సరిపోదో రెండు మూడు సంగతులు చెబుతాను.

పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం అక్కడ పుట్టిన బిడ్డల్ని ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ బిడ్డలతో పోల్చింది. పుణె బిడ్డ సగటు బరువు 2.7 కిలోలు, సౌతాంప్టన్ బిడ్డ 3.5 కిలోలు. చూస్తే ఎవరైనా ఏమంటారు? పుణె బిడ్డ బక్కగా ఉంది, బాగా తినిపించండి అంటారు. కానీ భుజం ఫలకం కింద చర్మాన్ని మడత పెట్టి కొలిస్తే, బరువు తగ్గినంతగా కొవ్వు తగ్గలేదు. కండ తగ్గింది, అవయవాల సైజు తగ్గింది, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. బక్కగా కనిపించే బిడ్డ ఒంట్లో కొవ్వు! ఇప్పుడు చెప్పండి, తూకం ఒక్కటే చూసి ఎవరు ప్రమాదంలో ఉన్నారో తేల్చగలమా?

ఆకలికీ ఊబకాయానికీ కూడా బంధుత్వం ఉంది. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువు వచ్చింది. ఆ కరువులో గర్భంలో ఉన్న పిల్లలు పెరిగి 19 ఏళ్ల యువకులయ్యాక సైన్యం రికార్డులు తిరగేశారు. కరువు చూడనివాళ్లతో కలిపి సుమారు 3 లక్షల మందివి. గర్భంలో మొదటి సగంలో కరువు చూసినవాళ్లలో ఊబకాయం ఎక్కువ. చివరి నెలల్లో, పుట్టిన కొత్తలో చూసినవాళ్లలో తక్కువ. 1976లో వచ్చిన పరిశోధన ఇది. అంటే ఒక సమాజం నిన్నటి దాకా అర్ధాకలితో ఉండి ఇవాళ కాస్త నిలదొక్కుకుంటే, ఆ చరిత్ర బిడ్డ ఒంట్లో ఉంటుంది. ఈ చరిత్ర తెలియని పరిశోధకుడు వెళ్లి "తక్కువ తినిపించండి" అంటే ఆ తల్లికి ఎలా ఉంటుంది?

ఇక తల్లిదండ్రులు బిడ్డని చూసే చూపు సంగతి. అధిక బరువు ఉన్న పిల్లల తల్లిదండ్రుల్లో సగం మందికి తమ బిడ్డ బరువు ఎక్కువని అనిపించదు. చాలా పరిశోధనల్ని కలిపి లెక్కవేసి 2014లో తేల్చిన మాట ఇది. దాన్ని అజ్ఞానం అనకండి, దయచేసి. మన మాటల్లోనే చూడండి. "బిడ్డ బొద్దుగా ఉన్నాడు" అంటే మెచ్చుకోలు. "చిక్కిపోయాడు" అంటే తల్లికి గుండెల్లో రాయి పడ్డట్టు. అలాంటి ఇంట్లో ప్రశ్నపత్రం తీసి "మీ బిడ్డ స్థూలకాయుడా?" అని అడిగితే జవాబు వస్తుందా? తలుపు మూసుకుంటుంది. ఏ మాటతో అడగాలో తెలుసుకోవడమే ఒక పరిశోధన. ఆ పరిశోధనకి ఒక ఏడాది పడుతుంది. ఆ ఏడాదికి డబ్బు కావాలి. ఏ దరఖాస్తులో అయినా ఆ గడి ఉందా?

తల్లిదండ్రులకి మంచి మాటలు చెబితే చాలదా అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. నేనూ చాలాకాలం అదే నమ్మాను. అమెరికాలోని పెన్సిల్వేనియాలో లియాన్ బర్చ్ వంటి పరిశోధకులు కలిసి చేసిన ఒక ట్రయల్ ఉంది. ట్రయల్ అంటే ఒక గుంపుకి నేర్పి, ఇంకో గుంపుతో పోల్చి చూసే పరిశోధన. 279 మంది మొదటిసారి తల్లులు. బిడ్డ ఆకలి సైగలు ఎలా గుర్తుపట్టాలి, ఏడ్చిన ప్రతిసారీ పాలు పట్టకుండా ఇంకెలా ఊరడించాలి, ఎలా నిద్రపుచ్చాలి, ఇవి ఇంటికి వెళ్లి నేర్పారు. మూడేళ్లకి చూస్తే ఆ పిల్లల్లో కొంచెం మేలు కనిపించింది. కొంచెమే, కానీ కనిపించింది. అందులో ఎక్కువమంది తెల్లజాతి తల్లులు.

తర్వాత 2025లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. బిడ్డకి ఏడాది నిండకముందే తల్లిదండ్రులకి నేర్పడం మొదలుపెట్టిన 17 ట్రయల్స్, 9 వేల మందికి పైగా పిల్లల విడివిడి లెక్కలు ఒకచోట చేర్చి చూశారు. రెండేళ్ల వయసుకి బరువులో తేడా ఏమీ రాలేదు. ఏమీ! ఆ పేపర్ చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. తల్లులకి చెప్పాల్సింది చెప్పలేదని ఇన్నాళ్లూ మనం వాళ్ల వైపే వేలు చూపించాం. చెప్పినా అంతే అయితే, మనం చూడనిది ఇంకేదో ఉంది కదా? ఇంటి అద్దె, షిఫ్టు డ్యూటీలు, బిడ్డని ఎవరి దగ్గర వదిలి వెళ్తారు, ఆడుకోవడానికి చోటుందా, దగ్గర్లో కొనగలిగే తిండి ఏది. ఇవన్నీ ఒక తల్లి చేతిలో ఉండేవా?

అందుకని దారి మూసుకుపోయిందని అనను. అమెరికాలో ఆరు వైద్య కేంద్రాల్లో 900 కుటుంబాలతో ఒక ట్రయల్ చేశారు, 2024లో ఫలితం వచ్చింది. అందరికీ డాక్టర్ దగ్గర తేలిక మాటల్లో ఉన్న పుస్తకాలు, సలహా ఇచ్చారు. సగం మందికి వాటికి తోడు ఫోన్‌కి మెసేజ్‌లు పంపారు, ఇంగ్లీషులో కావాలంటే ఇంగ్లీషులో, స్పానిష్‌లో కావాలంటే స్పానిష్‌లో. ఈ వారం ఏం చేద్దామనుకున్నారు, చేయగలిగారా, అంతే. రెండేళ్లకి మెసేజ్‌లు అందని గుంపులో ఊబకాయం 12.7 శాతం ఉంటే, మెసేజ్‌లు అందుకున్న గుంపులో 7.4 శాతం. అంటే ఏం చెప్పామన్నదే కాదు, ఏ భాషలో చెప్పాం, ఎన్నిసార్లు పలకరించాం అన్నది కూడా లెక్కకి వస్తుందన్నమాట.

ఇంకో దారి, ఊరు మొత్తాన్ని కలుపుకుని పనిచేయడం. ఆస్ట్రేలియాలో గీలాంగ్ ప్రాంతంలో 2004 నుంచి 2008 వరకు సుమారు 12 వేల మంది పసిపిల్లలున్న చోట్ల పిల్లల సంరక్షణ కేంద్రాలు, ఆరోగ్య సిబ్బంది, స్థానిక పాలన అందరూ కలిసి పనిచేశారు. మూడున్నరేళ్ల పిల్లల్లో అధిక బరువు మిగతా రాష్ట్రంతో పోలిస్తే తగ్గింది.

నాకు అన్నింటికంటే ఇష్టమైన ఉదాహరణ పసిఫిక్ ప్రాంతానిది. 2011లో అమెరికా వ్యవసాయ శాఖ 2.5 కోట్ల డాలర్లు ఇచ్చింది. హవాయి విశ్వవిద్యాలయం నడిపింది. హవాయి, అలాస్కా, గ్వామ్, అమెరికన్ సమోవా, ఉత్తర మరియానా దీవులు. రెండేళ్ల నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు. 27 సమాజాలు, 8 వేలకు పైగా పిల్లలు. పనిచేసిన చోట అధిక బరువు, ఊబకాయం కలిపి సుమారు 4 శాతం పాయింట్లు తగ్గాయి. నేను మీకు చూపించాలనుకున్నది ఆ అంకె కాదు. ఆ డబ్బులో ఒక భాగం పెట్టి ఆ ప్రాంతాల పిల్లల్నే, అంటే అక్కడి యువతనే, పోషకాహారంలో, ప్రజారోగ్యంలో డిగ్రీలు చదివించారు. బయటివాళ్లు వచ్చి కొలిచి వెళ్లిపోవడంతో సరిపెట్టలేదు, అక్కడివాళ్లని తయారు చేశారు. ప్రాజెక్టు అయిపోయినా మనిషి మిగులుతాడు కదా. అదీ నిధి అంటే.

అదే ఏడాది అదే శాఖ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి 45 లక్షల డాలర్లు ఇచ్చింది, పిల్లల ఊబకాయ నివారణలోనే డాక్టరేట్ విద్యార్థుల్ని తయారు చేయడానికి. పీహెచ్‌డీతో పాటు ప్రజారోగ్యంలో మాస్టర్స్ కూడా చేయించే ప్రోగ్రాం అది. అక్కడివాళ్లు సమస్యని ఆరు అంతస్తులుగా చూస్తారు: కణం, బిడ్డ, కుటుంబం, సమాజం, దేశం, సంస్కృతి. ఒక స్కాలర్ కణం మీద పనిచేసినా, పై అంతస్తులో ఏం జరుగుతోందో తెలిసి ఉండాలి. మన దగ్గర న్యూట్రిషన్ స్కాలర్‌కి సోషియాలజీ డిపార్ట్‌మెంట్ ఎక్కడుందో తెలియదు. ఆ దూరం తగ్గించడానికి కూడా డబ్బు కావాలి.

ఇప్పుడు ఈ బల్ల మీద ఉన్న వస్తువు చూడండి. ఇన్‌ఫాంటోమీటర్. బిడ్డ పొడవు కొలిచేది. రెండేళ్లు నిండని బిడ్డని పడుకోబెట్టి కొలవాలి, నిండిన బిడ్డని నిలబెట్టి కొలవాలి. ఒకే బిడ్డని రెండు రకాలుగా కొలిస్తే సుమారు 0.7 సెంటీమీటర్ల తేడా వస్తుంది, పడుకోబెట్టినప్పుడు ఎక్కువ. ఇది తెలియక కలిపేస్తే లెక్క చెడిపోతుంది. కొలిచేటప్పుడు ఒకరు తల దగ్గర కూర్చుని రెండు చేతులతో తలని ఇదిగో ఈ చెక్కకి ఆనించి పట్టుకోవాలి. బిడ్డ చూపు నేరుగా పైకి ఉండాలి. ఇంకొకరు మోకాళ్ల మీద మెల్లగా అదిమి, పాదాలు తిన్నగా ఉంచి, ఈ కదిలే చెక్కని అరికాళ్లకి తెచ్చి ఆనించాలి. బిడ్డ ఊరుకుంటుందా? గుక్కపట్టి ఏడుస్తుంది, కాలు ముడుచుకుంటుంది. తల్లి కంగారుపడుతుంది. ఆగాలి. తల్లి ఎత్తుకుని ఊరడించాక మళ్లీ మొదలుపెట్టాలి. రెండుసార్లు కొలవాలి, రెండూ కలవకపోతే ఇంకోసారి. సరిహద్దులో ఉన్న బిడ్డ ఒక్క సెంటీమీటరు తేడాతో అధిక బరువు గీతకి ఇటు నుంచి అటు పడుతుంది. రెండు జతల చేతులు కావాలి ఈ పనికి. మీరు ఇచ్చేది ఒక్క స్కాలర్‌కి స్టైపెండ్. రెండో జత చేతులు ఎవరివి? స్నేహితురాలిని బతిమాలి తీసుకెళ్తున్నారు మన పిల్లలు. ఒకరోజు ఒకరు, ఇంకోరోజు ఇంకొకరు. అలా వచ్చిన కొలతల్ని నమ్మమంటారా?

కాబట్టి పెద్దలకి నా విన్నపం. ఐదేళ్లు ఇవ్వండి. ఇవ్వలేకపోతే మూడేళ్లు ఇచ్చి, పని నడుస్తోందని చూసి మిగతా రెండేళ్లు ఇచ్చే ఏర్పాటైనా ముందే రాసి పెట్టండి, స్కాలర్ టెన్షన్‌తో రోజులు లెక్కపెట్టుకోకుండా. స్టైపెండ్‌తో పాటు ఫీల్డ్ ఖర్చు విడిగా ఇవ్వండి. అందులో రెండో మనిషి జీతం ఉండాలి, అనువాదకుడి ఖర్చు ఉండాలి, ఒక పూట పని మానుకుని వచ్చిన తల్లికి ఆ పూట కూలి ఉండాలి. ఆ సమాజం నుంచి వచ్చిన విద్యార్థి దరఖాస్తు పెడితే ఇంగ్లీషు కాస్త తడబడిందని పక్కన పెట్టకండి. ఆ విద్యార్థి దగ్గర ఉన్న భాష ఆ ఇంట్లోకి వెళ్లే తాళంచెవి. ఇంకొక్క మాట, ఫలితం రాలేదన్న థీసిస్‌ని కూడా గౌరవించండి. రెండేళ్లకి తేడా ఏమీ లేదని ధైర్యంగా ప్రకటించబట్టే కదా మనం ఇవాళ వేరే ప్రశ్న వేసుకోగలుగుతున్నాం.

ఇక వెనక వరుసల వాళ్లకి. మీలో ప్రతి ఒక్కరికీ సొంత ట్రయల్ నడపాలని ఉంటుంది, నాకు తెలుసు. ఒక్క స్కాలర్ వల్ల అయ్యే పని కాదది. ఇప్పటికే నడుస్తున్న పెద్ద అధ్యయనం ఒకటి చూసుకోండి. అందులో ఎవరూ అడగని ఒక్క ప్రశ్న పట్టుకోండి: నిద్ర కావచ్చు, బిడ్డని పగలు చూసుకునే అమ్మమ్మ, నాయనమ్మల పాత్ర కావచ్చు, తండ్రి పాత్ర కావచ్చు. తండ్రుల మీద ఎంత తక్కువ పని జరిగిందో చూస్తే మీరే ఆశ్చర్యపోతారు. వెళ్లిన ఇంట్లో బిడ్డ ముందు "లావు" అన్న మాట నోటి వెంట రానివ్వకండి. మూడేళ్ల బిడ్డకి అంకెలు అర్థం కావు, ముఖం అర్థమవుతుంది. కొలిచాక ఆ కొలత తల్లికి చెప్పి, అవసరమైతే ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలో కూడా చెప్పి రండి. కాగితం మీద రాసుకుని చక్కా వచ్చేయకండి.

సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. ఇన్‌ఫాంటోమీటర్ ఇక్కడే ఉంటుంది, పక్కన బిడ్డంత బరువున్న బొమ్మ కూడా ఉంది. టీ విరామంలో ముందు వరుస వాళ్లు ఒక్కసారి వచ్చి, ఇద్దరుగా నిలబడి కొలిచి చూడండి. తర్వాత ఒక్కరే కొలిచి చూడండి. నేను ఇక్కడే ఉంటాను, అప్పుడు బడ్జెట్ గురించి మాట్లాడుకుందాం.